వెనక సీటు వైద్యం

మా బాబాయి కార్ల మెకానిక్కు. కానీ బానెట్ ఎత్తడు.

అస్సలు ఎత్తడా అంటే, ఎత్తుతాడు. ఆఖరున, మరీ తప్పనిసరైతే, పరాయివాళ్ళ బీరువా తెరుస్తున్నంత మొహమాటంగా ఎత్తుతాడు. షెడ్డుకి ఏ బండి వచ్చినా ఆయన చేసే మొదటి పని వెనక తలుపు తీసుకుని, ఎడమపక్క మూలకి జరిగి, కాళ్ళు బారజాపి, కళ్ళు మూసుకోవడం. రెండో పని "పోనీండి" అనడం.

"ఎక్కడికండీ?" అని కొత్తవాళ్ళు తెల్లబోతారు.

"కూరగాయల మార్కెట్‌కి. మా ఆవిడ వంకాయలు తెమ్మంది."

"ముందు ఇంజన్ చూడరా?"

"మీరు నడపండి, నేను వింటాను. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి. నేను లేననుకోండి."

అలా అనుకోవడం అంత సులువు కాదు. బాబాయి ఆరడుగుల మనిషి. ఆయన ఎక్కితే బండి ఎడమపక్కకి ఒరుగుతుంది. రెండో మలుపు తిరిగేసరికి గురక మొదలవుతుంది. ఆ గురకలో ఇంజన్ చప్పుడు కాదు కదా, రైలు పక్కనుంచి వెళ్ళినా వినపడదు. కానీ ఆ బండిలో ఉన్న రోగం బయటపడిన క్షణాన గురక టక్కున ఆగుతుంది. ఒక కన్ను తెరుచుకుంటుంది. "ఊఁ" అంటాడు. ఆ కన్ను మళ్ళీ మూసుకుంటుంది. అంతే, పరీక్ష అయిపోయింది. అయినా సరే వంకాయలు కొనేదాకా వెనక్కి రానివ్వడు.

ఊరంతా ఆయన్ని సవారీ బాబాయి అంటారు. సొంత బండి కొనుక్కోకుండా జీవితమంతా రోగిష్టి బండ్లలో ఊరేగిన మనిషి అని నవ్వుకుంటారు. మా పిన్ని అయితే బయటికే అనేస్తుంది. "పెళ్ళయిన కొత్తలో మీ బాబాయి నన్ను మొదటిసారి సినిమాకి తీసుకెళ్ళింది ఎవరిదో సైలెన్సర్ ఊడిన బండిలోనే అమ్మాయ్. దారిపొడుగునా జనం తలుపులు తీసి చూశారు. ఊరికి కొత్తకోడలు వచ్చిందని ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది."

ఒకసారి రిటైరైన హెడ్మాస్టరుగారి బండిలో టిక్కుటిక్కుమని ఏదో చప్పుడు వచ్చింది. బాబాయి రోజూ సాయంత్రం ఆయన బండి ఎక్కి కూర్చునేవాడు. భార్య పోయి రెండు నెలలు కూడా కాలేదు, ఆ పెద్దమనిషి పాపం నోరెత్తకుండా ఊరంతా తిప్పేవాడు. కాలువగట్టు, టీ కొట్టు, లైబ్రరీ, మళ్ళీ టీ కొట్టు. సరిగ్గా నెల తర్వాత తలుపు సందులోంచి పెన్ను మూత ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. పెన్ను మూతకి నెల రోజులా అని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేనూ వేసుకున్నాను.

"నువ్వు నర్సువి కదే," అనేవాడు నాతో. "పేషెంటు రాగానే పొట్ట కోసి చూస్తావా? ఎప్పుడు నొప్పి, ఏం తింటే నొప్పి, ఎటు తిరిగి పడుకుంటే నొప్పి అని అడుగుతావా లేదా? బండికి నోరు లేదు. అందుకని పక్కన కూర్చుని చూడాలి."

"పక్కన కూర్చోవాలి బాబాయ్. పడుకుని గురకపెట్టమని ఎవరూ చెప్పలేదు."

"అది నా స్టెతస్కోపు," అనేవాడు.

ఇక నా సంగతి. ఆస్పత్రిలో పన్నెండేళ్ళు చేశాక నాకో మంచి ఉద్యోగం వచ్చింది. ఇళ్ళకు వెళ్ళి, మంచం దిగలేని రోగులకు కట్లు మార్చడం, ఇంజక్షన్లు ఇవ్వడం. నా రోగులు, నా వేళలు, నా మాట. ఒకటే షరతు, సొంత బండి ఉండాలి, సొంతంగా నడపాలి. దానికోసమే మా ఆయనా నేనూ చేతులు మారిన కారు ఒకటి కొన్నాం. గోధుమరంగు బండి. డ్రైవరు సీటులో పాత యజమాని ఆకారం గుంటలాగా అలాగే ఉండిపోయింది. అందులో నేను దిండు వేసుకుని కూర్చునేదాన్ని.

కొన్న వారానికే అది ఆగడం మొదలుపెట్టింది. వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి ఇంజన్ చచ్చిపోతుంది. గుండె చిక్కబట్టుకుని తాళం మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. వింత ఏమిటంటే, మా ఆయన నడిపితే ఆగదు. నేను నడిపితేనే ఆగుతుంది. ముగ్గురు మెకానిక్కులకు చూపించాను. ముగ్గురూ "బండి తాళం ఒక్కటి తీసిచ్చి వెళ్ళండమ్మా" అన్నారు. ఇచ్చి వచ్చాను. ముగ్గురూ బానెట్ ఎత్తారు. ఒకాయన ప్లగ్గులు మార్చాడు, ఇంకొకాయన పెట్రోలు పైపులు కడిగాడు, మూడో ఆయన బ్యాటరీని అనుమానించాడు. ముగ్గురూ ఊరంతా తిప్పి చూసి, "మా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదమ్మా" అన్నారు. ఆ మాట అన్నాక ముగ్గురూ నన్ను చూసిన చూపు ఒకటే.

అది నోటితో అన్నది మా బావగారు. మా ఆయన అన్నగారు. పాతికేళ్ళుగా కారు నడుపుతున్న మనిషి, ఆ సంగతి పది నిమిషాలకొకసారి గుర్తుచేసే మనిషి. "అది బండి తప్పు కాదమ్మా, క్లచ్. క్లచ్ వదలడం ఒక కళ. అందరికీ అన్నీ రావు." అంటూ జాలిగా తల ఊపాడు. తిట్టినా బాగుండేది.

ఒకరోజు పెద్ద కూడలి నడిమధ్యలో ఆగింది. నాలుగు వైపుల నుంచీ హారన్లు. తాళం మళ్ళీ తిప్పాలన్న సంగతే మర్చిపోయి స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. ట్రాఫిక్ పోలీసు వచ్చి, బండిని పక్కకి తోసి, "మేడమ్, ఇంట్లో ఇంకెవరికీ డ్రైవింగ్ రాదా?" అన్నాడు. ఆ రోజునుంచి నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. రక్తం చూసి ఏనాడూ బెదరని దాన్ని, కారు తాళం కనిపిస్తే పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. కొత్త ఉద్యోగంలో చేరడానికి ఇంకా రెండు వారాలుంది. బండి అమ్మేద్దామని బావగారు, సరేనని మా ఆయన, ఉద్యోగం వద్దని రాసిచ్చేద్దామని నేను. ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం.

ఆ మాట పిన్ని ద్వారా బాబాయి చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, పలకరింపైనా లేకుండా నా కారు వెనక తలుపు తీసుకుని, ఎడమపక్క మూలకి జరిగి, కళ్ళు మూసుకున్నాడు.

"పోనీ."

"నేను నడపను బాబాయ్."

"మరి వంకాయలు నడుచుకుంటూ వస్తాయా?"

ఏడుపు మొహంతోనే ఎక్కాను. మూడు వీధులు దాటామో లేదో, స్కూలు ముందు స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగగానే ఇంజన్ చచ్చిపోయింది. గురక ఆగింది. ఒక కన్ను తెరుచుకుంది.

"ఎదురుగా మీటర్లలో ఎర్రదీపాలు వెలిగాయా?"

"ఏ దీపాలు? ఏమీ లేదు, అంతా చీకటి."

"ఊఁ," అని కన్ను మూసుకోబోయి, చిరాగ్గా మళ్ళీ తెరిచాడు. "అమ్మాయ్, నీ తాళాల గుత్తి చప్పుడుకి నిద్ర పట్టట్లేదే. గుడిగంటలా ఏమిటది? బండి తాళం ఒక్కటీ ఉంచుకుని మిగతాది నాకియ్యి."

నా గుత్తి గురించి చెప్పాలి. మా అత్తగారు ఇంటి పెత్తనం నాకు అప్పగించినప్పుడు నోటితో ఏమీ అనలేదు, గుత్తి చేతిలో పెట్టింది. వీధి గేటు, ముందు తలుపు, పెరటి తలుపు, రెండు బీరువాలు, ఆవిడ ట్రంకుపెట్టె, నీళ్ళ ట్యాంకు మూత, స్కూటరు. ఏ తాళంకప్పలవో ఎవరికీ తెలియనివి మరో నాలుగు. అవి పారేస్తే ఆ తాళంకప్ప మర్నాడే దొరుకుతుందని భయం. వీటికి నేను ఆస్పత్రి మందుల అలమర తాళం, నెయిల్ కట్టరు, ఇత్తడి గంట ఒకటి చేర్చాను. ఎక్కడికెళ్ళినా గుత్తి నా వెంటే. కొత్త కారు తాళం కూడా అందులోకే చేరింది. మా ఆయన దగ్గరున్న రెండో తాళానికి మాత్రం ఒక దారం ముక్క.

నా పరువు రోడ్డు మీద పోతుంటే ఈయనకి నిద్ర గొడవ ఏమిటని కోపం వచ్చింది. అయినా పెద్దవాడు. గుత్తి తీసి వెనక్కి విసిరాను. దాన్ని పొట్ట మీద పెట్టుకుని హాయిగా గురక పెట్టాడు.

ఆ సాయంత్రం "ఏమైంది బాబాయ్, దొరికిందా?" అని అడిగాను.

"ఒక్కసారి ఆగితే ఏం తెలుస్తుంది? ఇంకా ఆగాలి. బండి మా షెడ్డులోనే ఉంచు. రేపు పొద్దున్నే వచ్చెయ్యి."

అలా మొదలైంది మా ఊరేగింపు. రోజూ పొద్దున్న నేను వెళ్ళగానే "ముందు గుత్తి ఇటియ్యి" అనేవాడు, తర్వాత "పోనీ" అనేవాడు. రెండో రోజు సెలూన్‌కి. మూడో రోజు వంతెన దాటి ఎవరో స్నేహితుడింటికి. ఆ స్నేహితుడు తలుపు తీసి, "ఏమిటోయ్ ఇలా వచ్చావ్?" అంటే, "ఏం లేదు, ఉన్నావో లేదోనని" అని తిరిగొచ్చేశాడు. నాలుగో రోజు మళ్ళీ సెలూన్‌కి. బాబాయికి చెవుల వెనక నాలుగు వెంట్రుకలు తప్ప తలమీద ఏమీ లేదు.

"మొన్ననే కదా బాబాయ్ వచ్చావు? ఇప్పుడు నన్నేం కత్తిరించమంటావు?" అన్నాడు సెలూన్ ఆయన.

"ఉన్నదే జాగ్రత్తగా చూసుకోవాలి," అన్నాడు బాబాయి.

బండి ఆగదు! అదీ నా బాధ. ఆగితే తప్ప రోగం దొరకదంటాడు ఈయన, ఆగనంటుంది అది. రోజులు దగ్గరపడుతున్నాయి. దాంతో నేనే గుంటలున్న రోడ్లు వెతకడం మొదలుపెట్టాను. "బాబాయ్, నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తు బాగా ఉంటుంది, అటు వెళ్దామా?" "బస్టాండు వెనక సందు చాలా ఇరుకు బాబాయ్, రివర్సులో వెళ్ళి చూద్దామా?" స్పీడ్‌బ్రేకర్ కనిపిస్తే చాలు, "ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగు" అని బతిమాలుకునేదాన్ని. ప్రపంచంలో ఏ డ్రైవరూ తన బండి ఆగిపోవాలని ఇంతగా మొక్కుకుని ఉండదు.

తొమ్మిదో రోజు పెద్ద కూడలి దాటాను. దాటాక, మందుల షాపు దాకా వెళ్ళాక గానీ అది ఆ కూడలేనని నాకు తట్టలేదు.

"బాబాయ్!" ఏడుపొచ్చేసింది. "ఇక్కడ కూడా ఆగలేదు! ఇక దీని రోగం దొరకదు!"

"దొరుకుతుందిలే. ఏడవకు, బండి తడుస్తుంది," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

పిన్నికి ఓపిక నశించింది. ఫ్రిజ్ నిండా వంకాయలు. "ఏవండీ, ఇంకొక్క వంకాయ ఈ గడప దాటిందంటే నేను గడప దాటుతాను," అంది.

"అమ్మాయి కారు ఉందిగా, దింపిస్తాను," అన్నాడు బాబాయి.

సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆదివారం పొద్దున బావగారు తీర్పుతో సహా షెడ్డుకి వచ్చాడు, వెనకే మా ఆయన. "కొనేవాళ్ళు మా ఇంట్లో కూర్చుని ఉన్నారమ్మా. బండి నేనే నడుపుకెళ్ళి చూపిస్తాను. నీ చేత్తో అయితే వీధి చివరే బేరం పోతుంది."

బాబాయి లేచి నిలబడ్డాడు. "తప్పకుండా అమ్మేద్దాం పెద్దల్లుడుగారూ. రోగం దొరకని బండి ఇంట్లో ఎందుకు? పదండి, మీ చేతి మహత్యం మేమూ చూస్తాం. అమ్మాయ్, నీ గుత్తి ఇటియ్యి." బండి తాళాన్ని తనే స్వయంగా నా గుత్తికి ఎక్కించి, దాన్ని బావగారి చేతిలో పెట్టాడు.

"ఇదంతా ఎందుకండీ?"

"మా అమ్మాయి ఎలా నడిపిందో మీరూ అలాగే నడపాలి కదా. లేకపోతే కళ ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

బావగారు ముందు, ఆయన పక్కన మా ఆయన, వెనక బాబాయి, నేను. గురక మొదలైంది. స్కూలు ముందు స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగగానే ఇంజన్ చచ్చిపోయింది.

బావగారు నవ్వాడు. "క్లచ్ కొంచెం... కొత్త బండి కదా." తాళం తిప్పాడు, స్టార్టయింది.

మార్కెట్ దగ్గర గుంటలో పడి లేచింది. మళ్ళీ చచ్చిపోయింది. వెనక బస్సు హారన్ కొట్టింది. నేను పన్నెండు కిలోల వంకాయలు కొన్న కూరగాయల ఆవిడ బుట్ట పక్కకి జరుపుతూ, "నేర్చుకుంటున్నారా బాబూ? కంగారుపడకండి, అందరికీ అన్నీ రావు," అంది. నేను కిటికీ వైపు తిరిగి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన భుజాలు కదులుతున్నాయి.

పెద్ద కూడలి నడిమధ్యలో మూడోసారి ఆగింది. నాలుగు వైపుల నుంచీ హారన్లు. అదే ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. వెనక కిటికీలో నన్ను చూశాడు, ముందు సీట్లో బావగారిని చూశాడు.

"మీరు దిగండి సార్. ఆ మేడమ్‌కి ఇవ్వండి. నిన్నా మొన్నా ఆవిడ ఇక్కడ ఎంత బాగా తీసుకెళ్ళారో!"

గురక ఆగింది. ఈసారి రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. బాబాయి ముందుకు వంగాడు.

"పెద్దల్లుడుగారూ, క్లచ్ పొరపాటుగా వదిలి బండి ఆగితే ఎదురుగా ఎర్రదీపాలు వెలుగుతాయి. చూడండి, ఒక్కటైనా వెలిగిందా? క్లచ్ తప్పు కాదు, మీ తప్పూ కాదు, మా అమ్మాయి తప్పు ఎప్పుడూ కాదు. తాళం పెట్టే చోటు లోపల అరిగిపోయింది. ఇంత బరువు గుత్తి దానికి వేలాడుతుంటే, బండి ఎగిరినప్పుడల్లా తాళం తనంతట తనే వెనక్కి తిరిగి, బండికి కరెంటే ఆగిపోతోంది." వేలితో గుత్తిని పైకెత్తాడు. "అల్లుడుగారి తాళానికి దారం ముక్క. మెకానిక్కులకి ఇచ్చింది ఒక్క తాళం. ఇంటి తాళాలు ఎవరు వదిలిపెట్టి వెళ్తారు? రోగాన్ని ఇంట్లో పెట్టి, బండిని ఆస్పత్రికి పంపారు. ఇంక ఏం దొరుకుతుంది వాళ్ళకి?"

బావగారు కిందికి దిగాడు. పాతికేళ్ళ అనుభవం ఆయనతోపాటు దిగింది. నేను గుత్తి తీసి ఆయన చేతిలోనే పెట్టి, ఒంటి తాళంతో బండి స్టార్ట్ చేశాను. పోలీసు చెయ్యి అడ్డంపెట్టి నాలుగు వైపులా బండ్లు ఆపేశాడు, మంత్రిగారికి ఆపినట్టు! నేను కూడలి చుట్టూ ఒకసారి తిరిగాను. సరిపోలేదు, ఇంకోసారి తిరిగాను. ఒళ్ళంతా పొంగిపోయింది, ఏం దాచుకోను. వెనక సీట్లో ఒళ్ళో గుత్తి పెట్టుకుని బావగారు, ఆయన పక్కన మళ్ళీ గురకపెడుతూ బాబాయి. బేరం సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

షెడ్డుకి రాగానే బాబాయి అలమరలోంచి చిన్న అట్టపెట్టె తీశాడు. కొత్త లాకు. అరగంటలో బిగించేశాడు, బానెట్ ఎత్తకుండానే. నేను ఆ పెట్టె చేతిలోకి తీసుకుని చూశాను. దాని మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము.

"బాబాయ్, ఇదెప్పుడు తెచ్చావు?"

"ఈమధ్యే," అన్నాడు చేతులు తుడుచుకుంటూ, అటు తిరిగి.

"ఈమధ్యేనట," అంది పిన్ని, షెడ్డుని ఆనుకున్న వంటింటి గుమ్మంలోంచి. "పలక చూడవే."

షెడ్డు గోడకి ఒక పలక వేలాడుతుంటుంది. వచ్చిన ప్రతి బండికీ ఏ రోజు, ఏ రోగం అని బాబాయి సుద్దతో రాసుకుంటాడు. నేను అటువైపు ఎప్పుడూ చూడలేదు. మొదటి రోజు తారీఖు కింద ఇలా ఉంది: "అమ్మాయి బండి. లాకు అరిగింది, గుత్తి బరువు. బండికి అరగంట పని. డ్రైవరుకి పది రోజులు."

అప్పుడు వరసపెట్టి అన్నీ అర్థమయ్యాయి. వెంట్రుకల్లేని తలకి నాలుగుసార్లు క్షవరం. ఉన్నాడో లేడోనని చూసొచ్చిన స్నేహితుడు. పన్నెండు కిలోల వంకాయలు. హెడ్మాస్టరుగారి పెన్ను మూత కూడా.

"మొదటి రోజే చెప్పొచ్చుగా బాబాయ్!" అన్నాను.

"చెబితే లాకు మార్పించుకుని తాళం అల్లుడికి ఇచ్చేసేదానివి," అన్నాడు. "బండి ఆగుతుందని భయపడడం మానేసి, ఆగట్లేదని ఏడ్చావు చూడూ, ఆ రోజు నాకు నిజంగా నిద్ర పట్టింది."

సోమవారం పొద్దున యూనిఫాం వేసుకుని, మొదటి రోగి ఇంటికి బయల్దేరాను. షెడ్డు ముందు ఆపి హారన్ కొట్టాను. గోడమీద పలకలో "డ్రైవరుకి పది రోజులు" అన్న లైను కింద కొత్తగా ఇంకోటి చేరింది: "డిశ్చార్జి."

బాబాయి బయటికి వచ్చాడు. నావైపు చూడనైనా చూడకుండా వెనక తలుపు తీసుకుని, ఎడమపక్క మూలకి జరిగి, కళ్ళు మూసుకున్నాడు.

"డిశ్చార్జి అన్నావుగా!"

"డిశ్చార్జి అయితే మాత్రం చెకప్ ఉండదా? నర్సువి, నీకు నేను చెప్పాలా?" అన్నాడు. "పోనీ. దారిలో సెలూన్ దగ్గర దింపు."